తుఫాను కెరటాలు ఏ తీరాన్ని ఎలా దెబ్బతీస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

తీరంలో నివసించేవాళ్లు, అక్కడి కట్టడాల బాగోగులు చూసేవాళ్లు, బీచ్ కొలతలు తీసే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. కెరటం ఎత్తు ఒక్కటే చూసి నష్టాన్ని ఊహించడం అందరూ చేసేదే. ఆ లెక్క ఎందుకు తప్పుతుందో చెప్పడానికే ఇక్కడ ఎక్కువ చోటు పట్టింది.

హెచ్చరికలో "కెరటాల ఎత్తు 6 మీటర్లు" అంటే ప్రతి కెరటమూ 6 మీటర్లు ఉంటుందా?

ఉండదు. వచ్చే కెరటాలను ఎత్తు ప్రకారం వరుసలో పెట్టి, వాటిలో పెద్దవైన మూడో వంతుకు తీసిన సగటు అది. దాన్నే సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటారు. సగానికి పైగా కెరటాలు అంతకంటే చిన్నవే. అయితే వెయ్యి కెరటాలు వస్తే వాటిలో అతి పెద్దది సుమారు 1.86 రెట్లు ఉంటుందని గణాంకం చెబుతుంది. అంటే 6 మీటర్ల హెచ్చరికలో 11 మీటర్ల కెరటం ఒకటి ఉండొచ్చు. కెరటానికీ కెరటానికీ మధ్య 14 సెకన్లు ఉంటే వెయ్యి కెరటాలు రావడానికి నాలుగు గంటలు కూడా పట్టదు. తుఫాను ఒక రాత్రంతా నిలిచిందంటే అలాంటివి రెండు మూడు తప్పవు.

ఈ నిష్పత్తి రెండు దాటితే దాన్ని రాక్షస కెరటం అంటారు. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలోని డ్రాప్నర్ గ్యాస్ వేదిక దగ్గర 25.6 మీటర్ల కెరటాన్ని పరికరం కొలిచింది. అప్పుడు సిగ్నిఫికెంట్ ఎత్తు 12 మీటర్ల లోపే. బోయాలు (సముద్రంలో తేలుతూ కొలతలు తీసే పరికరాలు) కొలిచిన సిగ్నిఫికెంట్ ఎత్తుల్లో ప్రపంచ రికార్డు 19 మీటర్లు. అది 2013 ఫిబ్రవరి 4న ఐస్‌లాండ్, బ్రిటన్‌ల మధ్య నమోదైంది.

ఇవన్నీ లోతు నీటి అంకెలు. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. నీటి లోతులో సుమారు 0.78 వంతు ఎత్తుకు చేరగానే కెరటం విరుగుతుంది. మీ గోడ ముందు 2 మీటర్ల లోతే ఉంటే, బయట సముద్రం ఎంత చెలరేగినా, గోడను తాకే కెరటం సుమారు ఒకటిన్నర మీటర్లు. అందుకే ఆ లోతును పెంచే ప్రతిదాన్నీ (పోటు, ఉప్పెన, గోడ పాదం దగ్గర ఇసుక కోత) అనుమానంగా చూడాలి.

ఎత్తు చూస్తే చాలదా? పీరియడ్ ఎందుకు?

రెండు కెరటాల మధ్య గడిచే సెకన్లే పీరియడ్. ఒడ్డున పనిచేసే మనిషికి హెచ్చరికలో మొదట చూడాల్సిన అంకె ఇదేనని మా అభిప్రాయం.

లోతు నీటిలో కెరటం పొడవు సుమారు 1.56ను పీరియడ్ వర్గంతో గుణిస్తే వస్తుంది. 8 సెకన్ల కెరటం పొడవు 100 మీటర్లు, 14 సెకన్లది 306 మీటర్లు. తన పొడవులో సగం లోతుకు రాగానే కెరటానికి అడుగు తగులుతుంది. అంటే మొదటిది 50 మీటర్ల లోతు దగ్గర, రెండోది 150 మీటర్ల లోతు దగ్గరే మలుపు తిరగడం మొదలుపెడుతుంది. పీరియడ్ పెరిగేకొద్దీ సముద్రగర్భంలోని గుంటలూ మిట్టలూ ఒడ్డున జరిగేదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

ఇక శక్తి సంగతి. ఒక మీటరు వెడల్పు గుండా వచ్చే శక్తి కిలోవాట్లలో స్థూలంగా 0.49 × ఎత్తు వర్గం × పీరియడ్. 2 మీటర్లు, 8 సెకన్లు అయితే మీటరుకు 16 కిలోవాట్లు. 6 మీటర్లు, 14 సెకన్లు అయితే 247. ఎత్తు మూడింతలే అయినా శక్తి పదిహేను రెట్లు దాటింది.

గాలి ఊసే లేని రోజున కూడా ఇది దెబ్బతీస్తుంది. 2008 డిసెంబరులో ఎక్కడో దూరాన పుట్టిన తుఫానుల అలలు పసిఫిక్‌లో వేల కిలోమీటర్లు ప్రయాణించి మైక్రోనేషియా, మార్షల్ దీవులు, కిరిబాటి వంటి చోట్ల లోతట్టు దీవులను ముంచాయి. కేరళ తీరంలో కల్లక్కడల్ అని పిలిచే ముంపుదీ ఇదే తీరు. దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులు పంపిన పొడుగు అలలు కొన్ని రోజుల తర్వాత నిర్మలమైన ఆకాశం కింద ఊళ్లోకి వస్తాయి. ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేయకూడదు.

ఒకే తుఫానులో ఒక ఊరి బీచ్ కొట్టుకుపోయి, పక్క ఊరిది నిలుస్తుంది. ఎందుకు?

మొదటి కారణం కెరటం వంగడం. లోతు తగ్గిన వైపు కెరటం నెమ్మదిస్తుంది, లోతున్న వైపు ముందుకు సాగుతుంది, దాంతో దాని వరుస వంపు తిరుగుతుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ముల మీద శక్తి కేంద్రీకృతమై, అఖాతాల్లో పలచబడుతుంది. ఒడ్డుకు కొంత దూరంలో మునిగిన ఇసుక మేట ఉంటే అది భూతద్దంలా పనిచేసి వెనుక ఉన్న ఒక చిన్న ముక్క మీదికే కెరటాలను మళ్లించగలదు. లోతైన సముద్రగర్భ లోయ దీనికి తలకిందులు. లోయకు ఎదురుగా ఉన్న ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, దాని రెండు అంచులకు ఎదురుగా ఉన్న తీరం మోత మోగుతుంది.

రెండోది దిశ. చాలా బీచ్‌లు మామూలుగా వచ్చే కెరటాల దిశకు తగ్గట్టు తమ ఆకారాన్ని సర్దుకొని ఉంటాయి. అలవాటు లేని దిక్కు నుంచి వచ్చే తుఫాను, ఎత్తు మధ్యస్థంగా ఉన్నా, ఎక్కువ ఇసుక లాక్కుపోతుంది. 2016 జూన్‌లో ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సాధారణ దక్షిణ-ఆగ్నేయ దిశ నుంచి కాక తూర్పు-ఈశాన్యం నుంచి తుఫాను వచ్చింది. మామూలుగా నీడలో ఉండే బీచ్ ముక్కలు సూటిగా దెబ్బతిన్నాయి. సిడ్నీలోని కొలరాయ్‌లో ఒక ఇంటి ఈత కొలను విరిగి బీచ్ మీద పడింది. దాదాపు 177 కిలోమీటర్ల తీరం నుంచి 1.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోయిందని విమాన సర్వేలు తేల్చాయి.

మూడోది ముందు రోజు బీచ్ ఉన్న స్థితి. నెల కిందటే ఒక తుఫాను తిన్న బీచ్‌కు రెండోది చిన్నదైనా చాలు.

ఉప్పెన, కెరటాలు ఒకటేనా?

కావు. ఉప్పెన అంటే నీటిమట్టమే గంటల తరబడి పైకి లేవడం. దాని మీద స్వారీ చేస్తూ కెరటాలు వస్తాయి. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే మట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. కాబట్టి కేంద్రంలో పీడనం 60 హెక్టోపాస్కల్స్ తగ్గిన తుఫానులోనూ ఆ వాటా 60 సెంటీమీటర్లే. మిగతాది గాలి నీటిని ఒడ్డుకు తోయడం వల్ల వచ్చేది. లోతు ఎంత తక్కువైతే ఆ తోపు అంత ఎక్కువ మట్టం లేపుతుంది.

అందుకే బంగాళాఖాతం ఉత్తర కొన, మెక్సికో సింధుశాఖ, ఉత్తర సముద్రపు దక్షిణ భాగం వంటి లోతు తక్కువ విశాల తీరాల్లో ప్రాణాలు తీసేది ప్రధానంగా ఉప్పెన. నీళ్లలోంచి నిటారుగా లేచిన అగ్నిపర్వత దీవుల్లో ఉప్పెన మీటరు దాటడమే అరుదు, కానీ కెరటాలు శక్తి పోగొట్టుకోకుండా నేరుగా ఒడ్డు దాకా వస్తాయి.

ఈ రెండింటినీ విడివిడిగా లెక్కగట్టి చూడటం ప్రమాదకరం. ఉప్పెన 3 మీటర్లు లేస్తే, ఇంతకుముందు దూరంగా విరిగే కెరటాలు ఇప్పుడు 2 మీటర్లకు పైగా అదనపు ఎత్తుతో ఇళ్ల గోడల దాకా వస్తాయి. నీళ్లు నెమ్మదిగా చేరితే తట్టుకునే ఇల్లు, అదే లోతులో కెరటాల దెబ్బకు కూలుతుంది.

నీళ్లు ఎంత ఎత్తు దాకా ఎక్కుతాయో లెక్క వేయగలమా?

స్థూలంగా వేయవచ్చు. మూడు అంకెలు కూడాలి: ఆ గంటకు పోటు మట్టం, ఉప్పెన, కెరటం ఒడ్డు మీదికి ఎగబాకే ఎత్తు. మూడోదే చాలామంది వదిలేసేది. అది కెరటం ఎత్తు, పీరియడ్‌లతో పాటు బీచ్ వాలు మీద ఆధారపడుతుంది.

పైన చెప్పిన 6 మీటర్లు, 14 సెకన్ల కెరటాన్నే తీసుకుందాం. ఎత్తును లోతు నీటి పొడవుతో (306) గుణించి వర్గమూలం తీస్తే సుమారు 43 మీటర్లు. బాగా చదునైన, సన్న ఇసుక బీచ్ అయితే దాన్ని 0.043తో గుణించాలి: సుమారు 1.85 మీటర్లు. మీటరు దిగడానికి పది మీటర్లు నడిచే నిటారు బీచ్‌కు వాలును కూడా కలిపే పూర్తి సూత్రం వాడితే సుమారు 4 మీటర్లు వస్తుంది. కెరటాలు విరిగి నీటిని ఒడ్డుకు కుక్కడం వల్ల పెరిగే సగటు మట్టం ఈ అంకెల్లోనే కలిసి ఉంది, మళ్లీ కూడకూడదు. వంద కెరటాల్లో రెండు ఈ ఎత్తును దాటుతాయి, అది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పోటు 1.2 మీటర్లు, ఉప్పెన 0.8 మీటర్లు అనుకోండి. చదును బీచ్‌లో నీళ్లు 3.85 మీటర్ల దాకా, నిటారు బీచ్‌లో 6 మీటర్ల దాకా వస్తాయి. రెండు చోట్లా వెనుక ఉన్న ఇసుక దిబ్బ పాదం 3 మీటర్ల దగ్గర, శిఖరం 5 మీటర్ల దగ్గర ఉంటే ఫలితం ఇలా వేరవుతుంది:

- నీళ్లు పాదం దాకా చేరకపోతే బీచ్ మాత్రమే కదులుతుంది. కొద్ది వారాల్లో తేరుకుంటుంది.
- పాదం దాటి శిఖరానికి లోపే ఆగితే దిబ్బ ముఖం కోసుకుపోయి నిలువు గోడలా నిలుస్తుంది. మన చదును బీచ్ పరిస్థితి ఇదే.
- శిఖరం దాటితే నీరు, ఇసుక వెనక్కి పొర్లి రోడ్లనూ ఇళ్లనూ పూడ్చేస్తాయి. మన నిటారు బీచ్ ఇక్కడికి వచ్చింది.
- కెరటాల మధ్య విరామంలో కూడా శిఖరం మునిగే ఉంటే దిబ్బ మొత్తం చదునవుతుంది, కొత్త మొగలు (సముద్రం లోపలికి వచ్చే దారులు) తెరుచుకుంటాయి.

ఈ నాలుగు మెట్ల వర్గీకరణను అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన శాలెంజర్ 2000లో ప్రతిపాదించారు. తీరంలో అన్ని ఎత్తులూ ఒకే ఆధార మట్టం నుంచి కొలిచారో లేదో ముందే చూసుకోండి. పోటు పట్టికల సున్నా వేరు, భూమి సర్వే సున్నా వేరు. రెంటినీ కలిపేస్తే మీటరు పైగా తేడా రావచ్చు, ఇలాంటి లెక్కలు తప్పడానికి ఇది మామూలు కారణం.

బీచ్ నుంచి పోయిన ఇసుక ఎక్కడికి పోతుంది? తిరిగి వస్తుందా?

చాలా భాగం దగ్గర్లోనే ఉంటుంది. తుఫాను కెరటాలు ఒడ్డు నుంచి లాగిన ఇసుకను కొన్ని వందల మీటర్ల దూరంలో మునిగిన గట్టుగా పోస్తాయి. ఆ గట్టు మీద తర్వాతి కెరటాలు ముందే విరిగి ఒడ్డుకు కాస్త ఊపిరి దొరుకుతుంది. అంటే బీచ్ తన ఇసుకనే ఖర్చుపెట్టి తనను కాపాడుకుంటోంది. తుఫాను వెలిశాక చిన్న, పొడుగు అలలు ఆ ఇసుకను నెమ్మదిగా ఒడ్డుకు చేరుస్తాయి. పోవడానికి గంటలు, రావడానికి వారాలు మొదలు ఏళ్లు. 2013-14 చలికాలం యూరప్ అట్లాంటిక్ తీరానికి 1948 తర్వాత అత్యంత శక్తిమంతమైన కెరటాలు తెచ్చింది. ఆ దెబ్బ నుంచి అక్కడి బీచ్‌లు కొన్ని కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

తిరిగి రాని ఇసుక కూడా ఉంది. మామూలు అలల ప్రభావం అందనంత లోతుకు జారినది, కొమ్మును దాటి పక్క అఖాతంలోకి కొట్టుకుపోయినది, దిబ్బ మీదుగా వెనక్కి పొర్లినది ఈ లెక్కలోకి వస్తాయి. దిబ్బ ఇసుక బీచ్‌కు తిరిగి వచ్చినా, దిబ్బగా మళ్లీ పెరగడం గాలి, మొక్కల పని. దానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది. తుఫాను మర్నాడే బుల్డోజరుతో బీచ్ ఇసుకను తోసి దిబ్బ చేయాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. బీచ్‌ను అలా పలచన చేస్తే తర్వాతి తుఫాను ఇంకా పైకి వస్తుంది.

గులకరాళ్ల బీచ్ మెరుగా?

నీటిని పీల్చుకోవడంలో మెరుగే. రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఇంకిపోవడంతో వెనక్కి లాగే ప్రవాహం బలహీనపడి, మధ్యస్థ తుఫానుల్లో పైన గట్టు ఇంకా ఎత్తు పెరుగుతుంది. కానీ ఇవి నిటారుగా ఉంటాయి కాబట్టి ఎగబాకుడు ఎక్కువ. ఒక హద్దు దాటాక గట్టు తల తెగి మొత్తం వెనక్కి దొర్లుతుంది, అలా దొర్లినది తిరిగి ముందుకు రాదు.

సన్నటి ఇసుక దీవులు, తిన్నెలు ఎందుకు తెగిపోతాయి?

రెండు వైపులా నీరుండటం వల్ల. సముద్రం వైపు నుంచి కెరటాలు పొర్లుతాయి. తుఫాను దాటి గాలి తిరగబడ్డాక వెనుక ఉప్పుకయ్యలో (దీవికీ నేలకూ మధ్య ఉండే ఉప్పునీటి మడుగులో) నిండిన నీరు సముద్రం వైపు దారి వెతుక్కుంటుంది. చాలా మొగలు ఈ రెండో దశలోనే లోతుగా తెగుతాయి. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను న్యూయార్క్ దక్షిణ తీరపు ఇసుక దీవులను మూడు చోట్ల తెంచింది. రెంటిని యంత్రాలతో పూడ్చారు. రక్షిత అటవీ భాగంలోని మూడోదాన్ని వదిలేస్తే అది ఏళ్ల తరబడి తెరిచే ఉంది. 2005లో కత్రినా తుఫాను లూసియానాలోని షాండలీర్ దీవుల నేలలో సుమారు 85 శాతాన్ని మింగేసింది. అవి తక్కువ ఎత్తువి, కొత్త ఇసుక అందనివి.

రాతి కొండ అంచు మీద ఇల్లు ఉంటే భయం లేనట్టేనా?

రాయి రకాన్ని బట్టి. గ్రానైట్, బసాల్ట్ అంచులు ఒక మనిషి జీవితకాలంలో వెనక్కి జరిగేది కంటికి కనబడదు. బంకమన్ను, మెత్తటి ఇసుకరాయి అంచులు వేరు. ఇంగ్లండ్‌లోని హోల్డర్‌నెస్ తీరపు మట్టి అంచులు సగటున ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు వెనక్కి పోతున్నాయి. సగటు మాట నమ్మి మోసపోవద్దు. కొన్నేళ్లు కదలిక లేకుండా ఉండి ఒక్క రాత్రిలో ఆరేడు మీటర్లు విరిగిపడటం వీటి స్వభావం.

గట్టి రాతిలోనూ బలహీనత పగుళ్ల దగ్గరే. కెరటం గోడను కొట్టినప్పుడు పగుళ్లలో చిక్కిన గాలి నలిగి, నీరు వెనక్కి తగ్గగానే ఒక్కసారిగా వ్యాకోచించి రాయిని లోపలి నుంచి తోస్తుంది. ఇలా వదులైన దిమ్మలను తర్వాతి కెరటాలు లాగేస్తాయి. ఐర్లండ్ పశ్చిమ తీరంలో 2013-14 తుఫానులు కదిల్చిన బండల్లో అతి పెద్దది సుమారు 620 టన్నులు. అంతకుముందు అలాంటి బండలు కదలాలంటే సునామీయే రావాలని చాలామంది నమ్మేవారు.

ఇంకొకటి: కొండ కూలడం తుఫాను వెలిశాక కూడా జరుగుతుంది. పాదం కోసుకుపోయి, పైనుంచి వాన నీరు ఇంకి, రోజుల తర్వాత జారుతుంది. అంచుకు సమాంతరంగా నేలలో కొత్త చీలిక కనబడితే ఆ చీలికకు భూమి వైపే ఉండండి, దూరంగా.

పగడపు దిబ్బలు కాపాడతాయి కదా?

చాలా బాగా. ప్రపంచవ్యాప్త కొలతల సగటు ప్రకారం దిబ్బలు కెరటాల శక్తిలో 97 శాతాన్ని తగ్గిస్తాయి, అందులో అత్యధిక భాగం దిబ్బ అంచు మీదే ఖర్చవుతుంది. పగడాలు చచ్చి, అంచు అరిగి, పైన నీటి లోతు అరమీటరు పెరిగితే ఆ రక్షణ చాలావరకు పడిపోతుంది.

ఒక మెలిక ఉంది. విరిగిన కెరటాల గుంపులు దిబ్బ వెనుక నిమిషం, ఆపైన పీరియడ్ గల పొడుగు అలలను పుట్టిస్తాయి. దిబ్బ వెడల్పు వాటికి సరిపోలితే అవి బలం పుంజుకుంటాయి. 2013 నవంబరు 8న హయాన్ తుఫానులో ఫిలిప్పీన్స్‌లోని హెర్నానీ పట్టణం మీదికి సునామీని పోలిన నీటి గోడ ఒకటి దూసుకొచ్చి ఇళ్లను ఎత్తుకుపోయింది. అది ఉప్పెన కాదు, దిబ్బ మీద పుట్టిన ఈ పొడుగు అలే. దిబ్బ ఉందన్న ధైర్యంతో తుఫాను రాత్రి ఖాళీ చేయకుండా ఉండటం తప్పు.

మడ అడవి ఎంత వెడల్పు ఉండాలి?

ఏ ముప్పు కోసం అన్నదాన్ని బట్టి. చిన్న గాలి కెరటాలనైతే 100 మీటర్ల మడ 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుంది. వేళ్లు, కొమ్మలు నీటిమట్టానికి ఎంత దట్టంగా అడ్డం పడ్డాయన్నదే ఆ తేడాకు కారణం. ఉప్పెన విషయంలో కిలోమీటరు వెడల్పుకు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లు. కాబట్టి నాలుగు వరుసల మొక్కలు నాటి ఉప్పెన ఆగుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. అంత సన్నని పట్టీ గట్టు పాదాన్ని కెరటాల నుంచి కాపాడితే అదే లాభం. సూటిగా తవ్విన కాలువలు, పడవ దారులు అడవి మధ్యగా నీటిని లోపలికి తెస్తాయి, వాటి చివర్లు చూసుకోవాలి.

గోడ కట్టాం. అయినా ఎందుకు కూలింది?

ఎదురుగా వచ్చిన కెరటం నేరుగా తోసి పడగొట్టిన గోడలు తక్కువ. ఎక్కువ భాగం కింది నాలుగు దారుల్లో పోతాయి.

మొదటిది పాదం కోత. గోడకు తగిలి వెనక్కి మళ్లిన కెరటం అడుగు ఇసుకను లేపుతుంది. పాత నిర్మాణ సూత్రం ఒకటుంది: గోడ దగ్గరికి రాగల అతి పెద్ద కెరటం ఎత్తు ఎంతో, పాదం దగ్గర కోత అంత లోతు దాకా ఉండొచ్చు. పునాది అంతకంటే పైనే ఆగితే గోడ ముందుకు ఒరుగుతుంది. తుఫాను ఆఖరున ఆ గుంటలో ఇసుక మళ్లీ నిండుతుంది కాబట్టి మర్నాడు చూసినవాళ్లకు ఏమీ కనబడదు. ఇనుప కడ్డీ దింపి చూస్తే వదులు ఇసుక ఎంత లోతుందో తెలుస్తుంది.

రెండోది వెనుక మట్టి పోవడం. పైనుంచి దూకిన నీరు గోడ వెనుక నింపిన మట్టిని తడిపి, కీళ్ల సందుల్లోంచి బయటకు కడిగేస్తుంది. నీటిని వదిలి మట్టిని ఆపే ఫిల్టరు వస్త్రం గానీ గులకరాళ్ల పొర గానీ వేయని చోట ఇది ఖాయం. పైన ఫుట్‌పాత్ పలకలు మామూలుగానే ఉంటాయి, కింద బోలు. తట్టితే డప్పు శబ్దం వస్తుంది. ఇంగ్లండ్‌లో డాలిష్ దగ్గర 2014 ఫిబ్రవరి 4-5 రాత్రి సుమారు 80 మీటర్ల గోడ పోయి, రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. ఏప్రిల్ 4 దాకా రైళ్లు నడవలేదు. తర్వాత కట్టిన గోడ పాతదానికంటే రెండున్నర మీటర్లు ఎత్తు, తల సముద్రం వైపు వంపు.

మూడోది చివర. గోడ ఆగిన చోట మెత్తటి ఒడ్డు మొదలవుతుంది, అక్కడ కోత రెట్టింపై గోడ వెనక్కి చుట్టి వస్తుంది. చివరను భూమి వైపు వంచి లోపలికి పాతాలి. నాలుగోది లోపల నీటి ఒత్తిడి: వెనుక నిలిచిన నీరు బయటకు పోయే రంధ్రాలు లేక, అలలు తగ్గినప్పుడు గోడను సముద్రం వైపు తోస్తుంది.

రాతి గట్టుకు ఎంత బరువు రాళ్లు కావాలి?

బరువు కెరటం ఎత్తు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. ఎత్తు రెండింతలైతే రాయి ఎనిమిది రెట్లు. ఇంజనీర్లు వాడే హడ్సన్ సూత్రం ప్రకారం, ఘనపు మీటరుకు 2650 కిలోల గరుకు రాయి, ఒకటికి రెండు వాలు, గట్టు మీదే విరిగే 3 మీటర్ల కెరటం అయితే రాయికి సుమారు నాలుగున్నర టన్నులు. అదే 6 మీటర్లకు 36 టన్నులు. అంతటి రాయి క్వారీ నుంచి తీసి తేవడం దాదాపు అసాధ్యం కాబట్టే నాలుగు కాళ్ల కాంక్రీటు టెట్రాపాడ్లు వంటివి వచ్చాయి. ఈ లెక్క ప్రాథమిక అంచనాకే. అసలు డిజైనుకు పీరియడ్, తుఫాను నిడివి కూడా కలిపి చూడాలి.

క్షేత్రంలో ఎక్కువగా కనిపించే లోపం వేరు: పైన పెద్ద రాళ్లు పేర్చి కింద మధ్యస్థపు పొర వేయరు. ఇసుక పెద్ద రాళ్ల సందుల్లోంచి లేచిపోయి గట్టు కుంగుతుంది. ఏడాదిలో "రాళ్లు మునిగిపోయాయి" అంటారు. మునిగింది బరువు వల్ల కాదు, ఫిల్టరు లేక.

ఒకచోట కట్టడం కడితే పక్కన కోత ఎందుకు?

కెరటాలు ఏటవాలుగా తాకే తీరాల్లో ఇసుక ఒడ్డు వెంట నదిలా నడుస్తుంది. అడ్డంగా కట్టిన గ్రోయిన్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి చాచిన గట్టు) గానీ ఓడరేవు బ్రేక్‌వాటర్ (కెరటాలను ఆపే గోడ) గానీ దాన్ని ఎగువన ఆపుతుంది, దిగువ బీచ్ ఆకలితో అలమటిస్తుంది. తుఫాను వచ్చినప్పుడు అందరూ తుఫానును నిందిస్తారు, నిజానికి ఆ బీచ్ ఏళ్ల కిందటే బక్కచిక్కింది. ఆపిన ఇసుకను తవ్వి దిగువకు పంపింగ్ చేయడం పనిచేసే మందు, కానీ ఏటా చేయాలి.

నది మొగలో, హార్బర్‌లో పడవలకు భద్రత ఉంటుందా?

లోపల కెరటాలు తక్కువే. ప్రవేశమే గండం. పాటు ప్రవాహం బయటకు వచ్చే సమయంలో ఎదురు కెరటాలు కురచబడి నిటారుగా లేస్తాయి, మొగ దగ్గర ఇసుక మేట మీద విరుగుతాయి. దాటక తప్పకపోతే పోటు చివరి గంట కాస్త మేలు. హార్బర్ లోపల నీరు నిమిషాల వ్యవధిలో ఊగుతూ తాళ్లు తెంపితే, అది పొడుగు అలల పని. మోకులు రెట్టింపు చేసి కాస్త వదులు ఉంచాలి, బిగిస్తే తెగేది మోకే.

మా బీచ్‌ను మేమే కొలవాలంటే?

ఖర్చు లేని పద్ధతి 1961లో సముద్ర భూవిజ్ఞాని ఎమరీ చెప్పింది. ఒకటిన్నర మీటర్ల కర్రలు రెండు, వాటి మీద సెంటీమీటరు గుర్తులు, మధ్య రెండు మీటర్ల తాడు చాలు.

1. తుఫానుకు పోని స్థిర గుర్తు (కాంక్రీటు దిమ్మ, మైలు రాయి) నుంచి మొదలుపెట్టి సముద్రానికి నిటారుగా ఒక గీత ఎంచుకోండి.
2. తాడు బిగువుగా, కర్రలు నిలువుగా పట్టండి. భూమి వైపు కర్ర దగ్గర నిలబడి, సముద్రం వైపు కర్ర తల, దిగంతం ఒకే గీతలోకి వచ్చేలా కన్ను పెట్టండి. ఆ గీత మీ కర్రను తాకిన చోటు, దాని తల నుంచి ఎంత కిందో అంతే ఆ రెండు మీటర్లలో దిగిన ఎత్తు.
3. నేల సముద్రం వైపు ఎక్కుతుంటే మీ కర్ర తల మీదుగా దిగంతాన్ని చూసి అవతలి కర్ర మీద చదవండి. ఇది ఎక్కుడని గుర్తు రాయండి, లేకపోతే మొత్తం తప్పుతుంది.
4. నీటి అంచు దాకా సాగండి, పాటు బాగా తగ్గిన వేళ.

నెలకోసారి, తుఫానుకు ముందు, వెలిసిన రెండు మూడు రోజుల్లో ఒకసారి తీసుకుంటే మీ బీచ్ ఎంత ఇవ్వగలదో, ఎన్నాళ్లకు తేరుకుంటుందో తెలుస్తుంది. మెత్తటి ఇసుకలో కర్ర దిగబడితే కింద చిన్న పలక బిగించండి.

"వందేళ్లకోసారి వచ్చే కెరటం" పోయినేడే వచ్చింది. ఇక నిశ్చింతేనా?

ఏ ఏడాదైనా ఒక శాతం అవకాశం అని దాని అర్థం. ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి అవకాశం 26 శాతం. పైగా 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. పాత కొలతలతో వేసిన వందేళ్ల మట్టాన్ని ఇప్పుడు అంతకంటే చిన్న తుఫానే అందుకుంటుంది.

తుఫాను సమయంలో గోడ మీద నిలబడి చూడటం ఎంత ప్రమాదం?

గోడ పైనుంచి దూకే నీటిని మీటరుకు సెకనుకు ఎన్ని లీటర్లని కొలుస్తారు. యూరప్ ఇంజనీర్ల మార్గదర్శకం ప్రకారం, కెరటం ఎత్తు 2 మీటర్లైతే సగటున ఒక లీటరు, 3 మీటర్లైతే 0.3 లీటర్లు దాటితే అక్కడ మనిషి ఉండకూడదు. అంకె చిన్నదిగా కనిపిస్తుంది, కానీ అది సగటు. చాలా కెరటాలు చుక్క కూడా దాటవు, ఒకటి వచ్చి టన్ను నీటిని ఒక్కసారి పడేస్తుంది. పది నిమిషాలు ఏమీ రాలేదన్నది భరోసా కాదు. గోడ నేల తడిసి ఉందంటే నీరు అక్కడికి వచ్చినట్టే, వెనక్కి జరగండి.

తుఫాను వెలిశాక మొదట ఏం చూడాలి?

నిలువుగా కోసుకుపోయిన దిబ్బ ముఖం కింద పిల్లలను కూర్చోనివ్వకండి. తడి ఆరేకొద్దీ అది హెచ్చరిక లేకుండా విరిగిపడుతుంది. కొత్తగా తెగిన గండ్ల దగ్గర ఒడ్డుకు వ్యతిరేకంగా లాగే ప్రవాహాలు ఉంటాయి, కొన్ని రోజులు ఈత మానండి. గోడ ఉంటే పాటు వేళ పాదాన్ని, వెనుక పలకలను, రెండు చివర్లను ఆ వరుసలోనే చూడండి. రాతి గట్టు అయితే తల గీత ఎక్కడ వంగిందో దూరం నుంచి ఫొటో తీసి పాత ఫొటోతో పోల్చండి. కొట్టుకొచ్చిన చెత్త గీత నీరు ఎక్కిన గరిష్ఠ ఎత్తుకు దొరికే గుర్తు. అది వాన పడితే పోతుంది కాబట్టి మొదటి రోజే మేకులు కొట్టి, స్థిర గుర్తు నుంచి కొలిచి, తేదీ, గంటతో సహా రాసి పెట్టుకోండి.